అడగండి, చెబుతాను: ఆ పని మీ చేతిలో ఉందా బాబూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే కాగితం గురించి. వర్జీనియాలోని మన లౌడన్ కౌంటీ బోర్డుకి, అంటే మన జిల్లా పరిషత్ లాంటిదానికి, 2027 నవంబరులో ఎన్నికలు. మన తెలుగాయన ఒకరు నిలబడతానని అప్పుడే ఇల్లిల్లూ తిరుగుతున్నారు, మెరిసే కాగితం మీద అచ్చు వేయించిన కరపత్రం ఇస్తున్నారు. ఆయన పేరు రాయను. ఎన్నికల రోజున నేను పోలింగ్ కేంద్రంలో ఎలక్షన్ ఆఫీసరుగా కూర్చుంటాను కాబట్టి ఫలానా వాళ్లకి వేయమనీ చెప్పను, వద్దనీ చెప్పను. తెనాలిలో హైస్కూలు టీచరుగా ఉన్న రోజుల్లో ఎలక్షన్ డ్యూటీ అంటే తప్పించుకోవడానికి మెడికల్ సర్టిఫికెట్ల కోసం తిరిగేవాళ్లం. ఇక్కడ నేనే వెళ్లి అడిగి వేయించుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని బయల్దేరుతుంటే మా అబ్బాయి ఇప్పటికీ నవ్వుతాడు.

ప్రశ్న: టీచర్ గారూ, ఆ అభ్యర్థి మా ఊరివాడే. మా బావమరిదికి క్లాస్‌మేట్. ఇంటికొచ్చి టీ తాగి కాగితం ఇచ్చి వెళ్లాడు. కారు టాక్స్ ఎత్తేస్తాడట, గ్రీన్‌వే టోల్ తగ్గిస్తాడట, ఇంటి టాక్స్ తగ్గిస్తాడట, స్కూల్ బౌండరీలు మారనివ్వడట, డేటా సెంటర్లు ఆపేస్తాడట. ఇందులో ఎన్ని నమ్మొచ్చు?
– కె. ఎస్., సౌత్ రైడింగ్

జవాబు: మీ కాగితం ఫొటో చూశాను. నాకొచ్చిన కాగితం కూడా ఫ్రిజ్ మీద ఉంది. ఎర్ర పెన్ను పాత అలవాటు కదా, పక్కన మార్కులు వేసి, ఆయనకే ఫోన్ చేశాను. పాపం, నలభై నిమిషాలు ఓపిగ్గా మాట్లాడారు.

ముందు టోల్ సంగతి. డల్లెస్ గ్రీన్‌వే కౌంటీ రోడ్డు కాదు, రాష్ట్రం రోడ్డూ కాదు. 1995లో తెరిచిన ప్రైవేటు రోడ్డు. టోల్ ఎంత ఉండాలో తేల్చేది రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌లోని స్టేట్ కార్పొరేషన్ కమిషన్. రద్దీ వేళల టోల్‌ని 8 డాలర్లు దాటించాలని కంపెనీ అడిగితే, 2024లో కుదరదన్నది ఆ కమిషనే. కౌంటీ బోర్డు అక్కడికి వెళ్లి అభ్యంతరం చెప్పగలదు. చెప్పింది కూడా. అంతకు మించి చేసే అధికారం దానికి లేదు. ఈ మాటే ఆయనతో అంటే, "టోల్ సంగతి అందరూ అడుగుతున్నారు, అందుకని పెట్టానండీ" అన్నారు. నిజాయతీ గల జవాబే. కానీ అందరూ అడుగుతున్నారని లేని మందుని వైద్యుడు రాసివ్వడు కదా.

స్కూల్ బౌండరీలు కూడా అంతే. ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్లాలో తేల్చేది స్కూల్ బోర్డు. దానికి వేరే ఎన్నిక, వేరే మనుషులు. అయితే ఇక్కడో మెలిక ఉంది. వర్జీనియాలో స్కూల్ బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు. డబ్బుకి సూపర్‌వైజర్ల దగ్గరికే, అంటే కౌంటీ బోర్డు సభ్యుల దగ్గరికే రావాలి. స్థానిక పన్నుల్లో సగానికి పైగా బడులకే పోతుంది. కాబట్టి "బౌండరీ మారనివ్వను" అనే అభ్యర్థిని "స్కూల్ బోర్డు అడిగినంత డబ్బు ఇస్తారా, కోత పెడతారా?" అని అడగండి. ఆయన చేతిలో ఉన్నది ఆ ముక్కే. కొత్త బడుల భవనాలకి అప్పు తీసుకోవాలంటే మన ఓటు కూడా కావాలి. నవంబరు బ్యాలెట్ చివర్లో బాండ్ల ప్రశ్నలు ఉంటాయి. చాలామంది అక్కడిదాకా చదవకుండానే కాగితం మెషీన్‌లో పెట్టేస్తారు. నా కళ్లతో చూస్తుంటాను.

ఇక కారు టాక్స్. మన దగ్గర కారు కొన్నప్పుడు ఒకసారి లైఫ్ టాక్స్ కట్టి ఆ సంగతి మరిచిపోతాం. ఇక్కడికొచ్చిన కొత్తలో మా అబ్బాయి పాత హోండాకి బిల్లు వస్తే ఎవరో మోసగాళ్లు పంపారనుకుని చించబోయాను. మే 5, అక్టోబరు 5, ఏడాదికి రెండు వాయిదాలు. దీన్ని ఎత్తేస్తామన్న మొదటి మనిషి మన అభ్యర్థి కాదు. 1997లో జిమ్ గిల్‌మోర్ 'నో కార్ టాక్స్' అనే ఒక్క నినాదం మీద గవర్నరుగా గెలిచారు. మరుసటి ఏడాది చట్టం కూడా వచ్చింది. కారు విలువలో మొదటి 20,000 డాలర్ల మీద పన్నులో కొంత రాష్ట్రం భరిస్తుంది. తర్వాత ఖర్చు తడిసి మోపెడయ్యేసరికి రాష్ట్రం మొత్తానికి ఏడాదికి 95 కోట్ల డాలర్ల దగ్గర గీత గీశారు. అందుకే ఇప్పటికీ బిల్లు వస్తోంది. అందులో రాష్ట్రం భరించిన ముక్క ఒక వరుసలో కనిపిస్తుంది, చూసుకోండి. గవర్నరే పూర్తిగా ఎత్తేయలేకపోయారు. రేటు తగ్గించడం మాత్రం కౌంటీ బోర్డు చేతిలో పనే. ఆ మాట చెప్పాక మా అభ్యర్థి, "అయితే 'తగ్గిస్తాను' అని మారుస్తాను" అన్నారు. ఎంత తగ్గిస్తారు, ఆ లోటు ఎక్కడ పూడుస్తారు అంటే, "ఇంకా లెక్క వేయలేదండీ" అన్నారు. లెక్క వేశాక రమ్మన్నాను.

ఇంటి టాక్స్ దగ్గర మాత్రం అందరూ జాగ్రత్తగా వినాలి. ఇక్కడ రేటు వేరు, బిల్లు వేరు. 2024లో ప్రతి వంద డాలర్ల విలువకి 86.5 సెంట్లు ఉన్న రేటు 2025లో 80.5 సెంట్లకి దిగింది. ఆరు సెంట్లు తగ్గించామని చెప్పుకోవచ్చు, అబద్ధం కాదు. కానీ మీ ఇంటి విలువ 7,50,000 నుంచి 8,20,000కి పెరిగిందనుకోండి. మొదటి ఏడాది 6,487 డాలర్లు కట్టినవాళ్లు రెండో ఏడాది 6,601 కడతారు. రేటు దిగింది, బిల్లు ఎక్కింది. విలువ కట్టేది బోర్డు కాదు, కమిషనర్ ఆఫ్ ది రెవెన్యూ అని వేరే ఎన్నికైన అధికారి. ఆయన ఆఫీసు నుంచి ఏటా జనవరి 1 నాటి విలువతో నోటీసు వస్తుంది. ఎక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చు. గడువు ఆ నోటీసులోనే ఉంటుంది. కాబట్టి "టాక్స్ తగ్గిస్తాను" అనేవాళ్లని "రేటా, సగటు ఇంటి బిల్లా?" అని అడగండి. ఈ ప్రశ్నకి మన అభ్యర్థి కాసేపు ఆగి, "బిల్లే అనుకున్నానండీ, కానీ మీరన్నాక రేటే అనిపిస్తోంది" అన్నారు. ఆ మాటకి నేను ఒక మార్కు కలిపాను.

డేటా సెంటర్ల గురించి విడిగా ఉత్తరం ఉంది. అక్కడ చెబుతాను.

ప్రశ్న: అమ్మా, నేను పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చాను. మావారు నరసరావుపేట దగ్గర మండలాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఈ సూపర్‌వైజర్ అంటే మన జెడ్పీటీసీ లాంటివాడా, లేక ఎమ్మెల్యేనా? అని రోజూ అడుగుతున్నారు. పిల్లలకి చెప్పే తీరిక లేదు.
– ఒక పాఠకురాలు, బ్రాంబుల్టన్

జవాబు: మీవారికి నా నమస్కారాలు చెప్పండి. జెడ్పీటీసీకి దగ్గర, కానీ పవరు ఎక్కువ. లౌడన్‌ని ఎనిమిది డిస్ట్రిక్టులు చేశారు, ఒక్కోదానికి ఒక సూపర్‌వైజర్. వీళ్ల మీద చైర్. మన దగ్గర జిల్లా పరిషత్ చైర్మన్‌ని జెడ్పీటీసీలు ఎన్నుకుంటారు కదా, క్యాంపు రాజకీయాలన్నీ అక్కడే. ఇక్కడ చైర్‌ని కౌంటీ మొత్తం ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు. మొత్తం తొమ్మిది మంది, నాలుగేళ్లు.

మీవారికి అన్నిటికంటే నచ్చే విషయం ఒకటుంది. ఇక్కడ కలెక్టర్ లేడు. అంటే పైనుంచి రాష్ట్రం పంపే అధికారి లేడు. కౌంటీ అడ్మినిస్ట్రేటర్ అని ఉంటారు, ఆయన్ని ఈ తొమ్మిది మందే నియమించుకుంటారు. అంటే మన దగ్గర జెడ్పీ సీఈఓ చైర్మన్ మాట వింటాడా, కలెక్టర్ మాట వింటాడా అని జరిగే పేచీ ఇక్కడ లేదు. ఆ అడ్మినిస్ట్రేటర్ ఫిబ్రవరిలో బడ్జెట్ ప్రతిపాదిస్తారు, ఏప్రిల్‌లో బోర్డు ఖాయం చేస్తుంది, జూలై 1 నుంచి అమలు.

అయితే అంత స్వేచ్ఛ కూడా లేదు. రాష్ట్రం స్పష్టంగా ఇచ్చిన అధికారాలే కౌంటీకి ఉంటాయి, ఇవ్వనిది లేనట్టే. దీన్ని డిల్లన్ రూల్ అంటారు. 1868లో అయోవా జడ్జి జాన్ డిల్లన్ చెప్పిన తీర్పు నుంచి వచ్చింది. వర్జీనియా దాన్ని పట్టుకుని కూర్చుంది. రోడ్లూ అంతే. 1932 నుంచి దాదాపు అన్ని కౌంటీల రోడ్లూ రాష్ట్రమే చూసుకుంటోంది. మీ వీధిలో గుంత పడితే సూపర్‌వైజర్‌ని తిట్టకుండా ముందు వీడాట్‌కి ఫోన్ చేయండి. అంటే రాష్ట్ర రవాణా శాఖ. అది హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, వాళ్ల సొంత రోడ్డయితే వాళ్లనే అడగాలి.

ప్రశ్న: మేడమ్, మా ఇంటి వెనక నుంచి రాత్రింబవళ్లు ఫ్యాన్ తిరుగుతున్నట్టు హమ్మని ఒకటే శబ్దం. ఇంకో రెండు డేటా సెంటర్లు కడతారంటున్నారు. మావారేమో "వాటివల్లే మన టాక్స్ తక్కువ, నోరెత్తకు" అంటారు. ఆయన ఉద్యోగం కూడా క్లౌడ్‌లోనే. అభ్యర్థులంతా డేటా సెంటర్లకి వ్యతిరేకమంటున్నారు. ఎవర్ని నమ్మాలి?
– పి. లక్ష్మి, ఆష్‌బర్న్

జవాబు: లక్ష్మీ, మీ ఇంట్లో జరుగుతున్న గొడవే కౌంటీ కేంద్రం లీస్‌బర్గ్‌లో బోర్డు మీటింగుల్లో కొన్నేళ్లుగా జరుగుతోంది. మీవారి మాటా నిజమే. కౌంటీలో సుమారు 200 డేటా సెంటర్లున్నాయి, అంటే కంప్యూటర్లతో నిండిన పెద్ద భవనాలు. అందులోని కంప్యూటర్ల మీద వేసే పన్నే మనల్ని మోస్తోంది. వాటికి సేవలందించడానికి కౌంటీ ఖర్చు పెట్టే ఒక్కో డాలరుకి 26 డాలర్ల పన్ను వస్తుందని కౌంటీ లెక్క. పిల్లలున్న కుటుంబం ఒకటి వస్తే బడి కావాలి, బస్సు కావాలి, పార్కు కావాలి. సర్వర్లకి హోంవర్క్ ఉండదు, వాటికి కావాల్సింది కరెంటు, చల్లదనం. అందుకే ఇంటి టాక్స్ రేటు తగ్గించగలిగారు.

మీ చెవి చెప్పేది కూడా నిజమే. హమ్ములు, నీళ్లు, కిటికీలోంచి కనిపించే హైటెన్షన్ స్తంభాలు, ఇవన్నీ మన ఖర్చే.

ఇక అభ్యర్థుల మాట. "ఆపేస్తాను" అన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. చాలాకాలం కొన్ని జోన్లలో డేటా సెంటర్ కట్టడానికి బోర్డు అనుమతే అక్కర్లేదు. నియమాల ప్రకారం ప్లాన్ ఉంటే అధికారులే సంతకం పెట్టేవారు. బై-రైట్ అంటారు దాన్ని. 2025 మార్చిలో బోర్డు దాన్ని తీసేసింది. ఇప్పుడు కొత్తది ప్రతీదీ బోర్డు ముందుకి రావాలి, పబ్లిక్ హియరింగ్ జరగాలి. అప్పటికే దాఖలైన దరఖాస్తుల్లో కొన్నిటికి పాత పద్ధతే ఉంచారు. మీ వెనక వచ్చే రెండూ ఏ గాటన ఉన్నాయో కౌంటీ ప్లానింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి దరఖాస్తు నంబరుతో సహా కనుక్కోండి. పాత పద్ధతిలో ఉంటే ఏ అభ్యర్థీ ఆపలేరు, ఎంత గట్టిగా అరిచినా. కొత్త పద్ధతిలో ఉంటే మీ సూపర్‌వైజర్ ఓటుకి విలువ ఉంది. మీరు హియరింగ్‌కి వెళ్లి మాట్లాడే మాటకీ ఉంది. స్తంభాలు ఎక్కడ వేయాలో మాత్రం, టోల్ లాగే, రిచ్‌మండ్ కమిషన్ తేలుస్తుంది.

మా అభ్యర్థిని అడిగాను. "పూర్తిగా ఆపేస్తే డబ్బు?" అంటే, "ఇళ్ల పక్కన వద్దు, ఫ్యాక్టరీల వైపు పరవాలేదు" అన్నారు. కరపత్రంలో అలా లేదు. ఫోన్లో చెప్పిందే వేయించమన్నాను. అంత రాస్తే ఎవరూ చదవరండీ అన్నారు. మీరు చదువుతారని నాకు నమ్మకం ఉంది లక్ష్మీ, అందుకే ఇక్కడ రాశాను. మీవారికి కూడా చూపించండి. డేటా సెంటర్ల డబ్బు ఒక ఏడాది తగ్గితే, వాళ్ల కంప్యూటర్లు పాతబడి విలువ పడిపోతే, బడ్జెట్‌లో ఏది కోస్తారు అన్న ప్రశ్నకి ఇప్పటివరకు నాకు ఏ పార్టీ మనిషీ సూటిగా చెప్పలేదు.

ప్రశ్న: నేను హెచ్1బీ. పదకొండేళ్లుగా ఇల్లు టాక్స్, కారు టాక్స్ కడుతున్నా. ఓటు లేదు. ఈ గోలంతా నాకెందుకు అనిపిస్తుంది. కనీసం మన అభ్యర్థికి 500 డాలర్లు చందా ఇద్దామనుకుంటున్నా.
– ఆర్. వి., ఆల్డీ

జవాబు: ఆగండి! చందా ఇవ్వకండి. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్లు అమెరికాలో ఏ ఎన్నికకీ, ప్రెసిడెంటు నుంచి స్కూల్ బోర్డు దాకా, చందా ఇవ్వకూడదు. కేంద్ర చట్టం. ఎవరైనా "మీ స్నేహితుడి పేరు మీద ఇచ్చేయండి" అంటే అది ఇంకో తప్పు. గ్రీన్‌కార్డు వాళ్లు ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వాళ్లకీ లేదు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఆఫీసులో ఓటరు నమోదు గురించి అడిగితే తొందరలో టిక్కు పెట్టేయకండి. తర్వాత మీ కాగితాల మీదకి వస్తుంది.

జీతం తీసుకోకుండా కరపత్రాలు పంచడం, ఫోన్లు చేయడం లాంటి సాయం చేయొచ్చు. అంతకంటే మంచిది, బోర్డు మీటింగుకి వెళ్లి మాట్లాడండి. అక్కడ పాస్‌పోర్టు అడగరు. ఒకసారి బడ్జెట్ హియరింగ్‌లో నా వెనక లైన్లో నిలబడ్డాయన లైబ్రరీ వేళల గురించి మాట్లాడారు. ఆయనకీ ఓటు లేదని తర్వాత పార్కింగ్‌లో చెప్పారు. సూపర్‌వైజర్ మాత్రం నోట్ చేసుకోవడం చూశాను. పదకొండేళ్లుగా కడుతున్నారు, రెండు నిమిషాలు మాట్లాడే హక్కు మీకు కాకపోతే ఎవరికుంటుంది?

ప్రశ్న: మనవాడు కాబట్టి మనమంతా ఒక్కటై వేయాలంటున్నారు. మీరేమంటారు?
– పేరు వద్దు

జవాబు: హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ 2025లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచారు. మన ఊళ్లో పుట్టినావిడ కాబట్టి మనవాళ్ల ఓట్లతోనే గెలిచిందనుకుంటే లెక్క తప్పుతుంది. మనవాడు అయితే మీ ఇంటికి టీకి రావడం తేలిక, మీరు ప్రశ్న అడగడమూ తేలిక. అంతవరకే.

ప్రశ్న: లోకల్ పోస్టులకి బ్యాలెట్ మీద పార్టీ పేరు కనిపించలేదు. ప్రింటింగ్ తప్పా?
– ఎం. ఆర్., స్టెర్లింగ్

జవాబు: తప్పు కాదు. వర్జీనియాలో సూపర్‌వైజర్, షెరిఫ్ లాంటి స్థానిక పదవులకి బ్యాలెట్ మీద పార్టీ పేరు వేయరు. అందుకే బయట రెండు పార్టీల వాళ్లూ నమూనా బ్యాలెట్లు పట్టుకుని నిలబడతారు. తలుపు నుంచి 40 అడుగుల అవతలే నిలబడాలి. మన దగ్గర వంద మీటర్లు. మొదటిసారి డ్యూటీ చేసినప్పుడు 40 అడుగులంటే ఇంత దగ్గరా అని టేపు తెప్పించి కొలిపించాను. మా చీఫ్ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి నవ్వుతుంది.

ప్రశ్న: మా వీధిలో రెండిళ్లలో బంగారం పోయింది. మనవాళ్ల ఇళ్లు చూసే వస్తున్నారని అందరూ అంటున్నారు. అభ్యర్థిని అడిగితే "సూపర్‌వైజర్ అయ్యాక పోలీసుల్ని పెంచుతా" అన్నాడు. అవుతుందా?
– డి. సుజాత, డల్లెస్ డిస్ట్రిక్ట్

జవాబు: కౌంటీకి పోలీసు శాఖ లేదు, షెరిఫ్ ఉన్నారు. ఆయన్ని కూడా మనమే ఎన్నుకుంటాం, సూపర్‌వైజర్లకి జవాబుదారీ కాదు. బోర్డు డిప్యూటీల సంఖ్యకి డబ్బు పెంచగలదు. వాళ్లని ఏ వీధిలో తిప్పాలో చెప్పే అధికారం మాత్రం దానికి లేదు. షెరిఫ్ ఆఫీసు వాళ్లు కాలనీ మీటింగులకి పిలిస్తే వస్తారు, పిలవండి. మీరడగకుండానే ఇంకో మాట. దసరాకి వేసుకున్న హారం ఫొటో ఊళ్లో లేని వారంలో పెట్టకండి. బ్యాంకు లాకర్ అద్దె ఆ హారం తరుగు కంటే తక్కువే.

ప్రశ్న: ఆంటీ, నాకు 14 ఏళ్లు. మా టీమ్‌కి ఆడుకోవడానికి చోటు లేదు. టెన్నిస్ కోర్టులో ఆడితే తరిమేస్తున్నారు. ఆ అంకుల్ గెలిస్తే క్రికెట్ గ్రౌండ్ కట్టిస్తా అన్నారు. అంతదాకా ఆగాలా?
– ఒక ఆఫ్ స్పిన్నర్

జవాబు: ఆ కాగితం మొత్తంలో పూర్తిగా సూపర్‌వైజర్ చేతిలో ఉన్న హామీ ఇదొక్కటే బాబూ. పార్కులు కౌంటీవే. ఆల్డీ దగ్గర హ్యాన్సన్ పార్కులో క్రికెట్ ఆడే చోటు వచ్చింది. అదైనా ఊరికే రాలేదు, ఎవరో ఒకరు వెళ్లి అడుగుతూ ఉంటేనే వచ్చింది.

2027 దాకా ఎందుకు? ఇప్పుడున్న సూపర్‌వైజర్‌ని బోర్డు మీటింగ్‌లోనే అడుగుదాం. మీ టీమ్‌లో ఎంతమంది, వారానికి ఎన్ని రోజులు ఆడతారు, దగ్గర్లో ఖాళీగా ఉండే మైదానాలు ఏవి, ఏ వేళల్లో ఖాళీ, ఇవన్నీ ఒక కాగితం మీద అంకెలతో రాయి. కోహ్లీ, రోహిత్ అని రాయకు, అక్కడ సగం మందికి తెలియదు. గడియారం పెట్టుకుని చదువు. రెండు నిమిషాలు దాటితే కొయ్యి. మీ అమ్మగారిని నాకు ఫోన్ చేయమను. లీస్‌బర్గ్‌కి నా కార్లో తీసుకెళ్తాను, మీటింగ్ అయ్యాక దింపేస్తాను. బ్యాట్ మాత్రం తేవద్దు. సెక్యూరిటీ దగ్గర గొడవ.